సన్యాసిరావు గారి ఛార్జ్

కొత్తరాయవలస మునిసిపాలిటీలో మంచినీళ్ల సూపరింటెండెంటు బొడ్డపాటి సన్యాసిరావు గారు రిటైరవడానికి నెల ముందు, ఆ ఊళ్లో బజ్జీల బళ్లన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. ఆ మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసు ముందు ఒక జీపు ఆగింది. దాని మీద "పదార్థ ఏకీకరణ ప్రాధికార సంస్థ" అని రాసి ఉంది. పదార్థమంటే తినే పదార్థమే అయి ఉంటుందనీ, నూనె పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తారనీ భయపడి బళ్లవాళ్లు బాణళ్లు దించేసి సందుల్లోకి తోసుకుపోయారు.

తీరా చూస్తే ఆ వచ్చినవాళ్లకి నూనెతో పనిలేదు. వాళ్ల పదార్థం పదానికి అర్థం. సర్కారు కాగితాల్లో వాడే ప్రతి ఇంగ్లీషు మాటకీ ఒకే ఒక్క అర్థం ఉంచి, మిగతా అర్థాలన్నిటినీ రద్దు చేయడం వాళ్ల ఉద్యోగం.

ఇలాంటి ఉద్యోగం ఒకటి ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. పక్క జిల్లాలో ఏదో ఊరేగింపు మీద లాఠీ ఛార్జ్ జరిగింది. ఆ సంగతి అక్కడి మునిసిపాలిటీ వాళ్లు తమ వార్షిక నివేదికలో రాసుకున్నారు. ఆడిట్ వాళ్లు అది చదివి, "లాఠీ ఛార్జ్ తలకి ఎంత చొప్పున వసూలు చేశారు? రశీదులు చూపించండి" అన్నారు. "ఏమీ వసూలు చేయలేదు, ఉచితంగానే కొట్టారు" అని మునిసిపాలిటీ జవాబు రాసింది. ఉచితంగా కొట్టడానికి అనుమతి ఎవరిచ్చారని మళ్లీ ప్రశ్న వచ్చింది. ఆ ఫైలు అలా లావెక్కుతూ రాజధాని చేరింది. అక్కడి పెద్దలు దాన్ని ఆసాంతం చదివి, ఇందులో మనుషుల తప్పేమీ లేదు, తప్పంతా మాటదేనని తేల్చారు. ఆ విధంగా ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఒక్కో ఊరికి ఒక్కో మాట అప్పగించారు. కొత్తరాయవలస వంతుకి "ఛార్జ్" వచ్చింది.

జీపులోంచి దిగినాయన పేరు డాక్టర్ కందాళ భార్గవ్, ప్రాంతీయ ఏకార్థాధికారి. కుర్రవాడే. కామా ఎక్కడ పెట్టాలన్న విషయం మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. మాట్లాడేటప్పుడు కూడా కామా రాగానే ఆగి, ఎదుటివాళ్లు దాన్ని గమనించారో లేదో చూసుకునేవాడు.

కమిషనర్ చింతలపాటి విజయరామరాజు గారు మర్నాడే ఊళ్లోని ఆఫీసర్లందర్నీ సమావేశపరిచారు.

"ఛార్జంటే బస్సు టిక్కెట్టు డబ్బులండి. ఇందులో ఆలోచించాల్సిందేటుంది?" అన్నాడు డిపో మేనేజరు.

"ఛార్జంటే నేరం మోపడం. ఛార్జ్‌షీట్ లేకపోతే కోర్టులెందుకు, మేమెందుకు?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు గంటా మహంకాళి.

సన్యాసిరావు గారి వంతు వచ్చింది. ఆయన లేచి, "ఛార్జంటే బాధ్యతండి. పదకొండేళ్ల కిందట నేను ఈ ఊరి నీళ్ల ఛార్జ్ తీసుకున్నాను. ఈ నెలాఖరుకి ఇచ్చేసి ఇంటికెళ్లిపోతాను" అన్నారు.

భార్గవ్ ముందుకి వంగాడు. "అంటే, మీరు తీసుకున్నది, ఇప్పటికీ మీ దగ్గరే ఉందన్నమాట?"

"ఉన్నాదండి."

"ఎక్కడ పెట్టారు?"

సన్యాసిరావు గారు అది హాస్యమనుకుని నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు. ఆయన కూడా మెల్లగా నవ్వు ఆపేసి కూర్చున్నారు.

అందరూ చెప్పడం అయ్యాక భార్గవ్ లేచాడు. "మీ అభిప్రాయాలన్నీ విలువైనవే, కానీ, అభిప్రాయాలు. మా సంస్థ నడిచేది క్షేత్రస్థాయి వాడుక మీద. నిన్న నేను ఈ కార్యాలయ ద్వారంలో అడుగుపెట్టగానే, మొదట కనిపించిన వ్యక్తిని, 'ఛార్జ్ పెట్టుకోవాలి, ఎక్కడ?' అని అడిగాను. అతడు టిక్కెట్టు కోయలేదు. నేరం మోపలేదు. బాధ్యత స్వీకరించలేదు. క్షణం కూడా సందేహించకుండా గోడకున్న ప్లగ్గు చూపించాడు."

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు లచ్చన్న తనేదో తప్పు చేశాననుకుని గోడ వెనక్కి జరిగాడు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. కొత్తరాయవలస మునిసిపాలిటీ పరిధిలో ఇకమీదట ఛార్జ్ అనగా విద్యుత్తు నింపుట, లేదా నింపబడిన విద్యుత్తు. ఇతర అర్థములు తక్షణమే రద్దు.

ఊళ్లో మొదట్లో సరదాగానే ఉండేది. బస్టాండులో ఛార్జీల పట్టిక తీసేశారు. కండక్టర్లు టిక్కెట్టు డబ్బుల్ని ఏమని అడగాలో తెలియక ఊరికే చెయ్యి చాపి నిలబడేవారు. పని ఎగ్గొట్టినందుకు ఛార్జ్ మెమో అందుకోవలసిన శానిటరీ ఇన్‌స్పెక్టరుకి, మెమోతో పాటు పాత టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. అతను ఆ బ్యాటరీని ఇంట్లో గోడగడియారానికి వేసి చూసుకుని, పనిచేయడం లేదని వాపసు తెచ్చాడు.

సన్యాసిరావు గారు ఇవేవీ పట్టించుకోలేదు. ఆయన ధ్యాసంతా నెలాఖరు మీదే. పదకొండేళ్లుగా తెల్లారకముందే ఆయన ఫోన్ మోగేది. "నీళ్లు రాలేదు", "వచ్చాయి గానీ రంగున్నాయి", "రంగు లేవు గానీ ధార సన్నంగా ఉన్నాది". ఏ ఫోన్ వచ్చినా ఆయన విసుక్కోలేదు. పైజమా మీదే సైకిలెక్కి వెళ్లేవారు. ఇక చాలనిపించింది. ఆయన భార్య పైడమ్మ గారు తన ఇద్దరు చెల్లెళ్లతో కలిసి పూరీ వెళ్లడానికి నాలుగు రైలు టిక్కెట్లు తీయించి, రిటైరైన మర్నాటికి అన్నీ సర్దేసి ఉంచారు.

ఆ రోజు రానే వచ్చింది. పూలదండ వేశారు, శాలువా కప్పారు. ఆయన నిజాయితీ గురించి కమిషనర్ గారు చాలాసేపు మాట్లాడారు. ఆయన స్థానంలోకి పాలకొండ నుంచి పెదిరెడ్ల కస్తూరి అనే ఇంజినీరు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, చేతిలో తన సొంత పానాల సంచీతో. లడ్డూలు పంచడం కాగానే సన్యాసిరావు గారు ఛార్జ్ అప్పగింత కాగితం తీసి సంతకం చేయబోయారు.

"ఆగండి" అన్నాడు భార్గవ్. "అప్పగిస్తున్న ఛార్జ్ పరిమాణం రాయలేదు."

"పరిమాణమేటండీ?"

"ఎంత విద్యుత్తు అప్పగిస్తున్నారో తెలియకుండా, ఆవిడ ఎంత అందుకున్నట్టు?"

కరెంటాఫీసు ఇంజినీరు భీమేశ్వరరావుని పిలిపించారు. ఆయన ముందు పెద్దగా నవ్వి, తర్వాత కమిషనర్ గారి మొహం చూసి నవ్వు మింగేసి, జేబులోంచి టెస్టరు తీసి సన్యాసిరావు గారి మోచేతికి ఆనించాడు. వెలగలేదు. శాలువా తీయించి భుజానికి పెట్టాడు. వెలగలేదు.

"సున్నాయండి" అన్నాడు.

కస్తూరికి కూడా పెట్టి చూశాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోలేదు గానీ, భీమేశ్వరరావు వైపు చూసిన చూపుకి టెస్టరు వెలిగినా ఆశ్చర్యం లేదు. అదీ సున్నాయే.

భార్గవ్ చాలాసేపు ఆలోచించాడు. "పరిస్థితి సున్నితంగా ఉంది. సన్యాసిరావు గారి దగ్గర ఛార్జ్ లేదు. లేనిది ఇవ్వలేరు. ఇవ్వకపోతే ఉద్యోగం నుంచి విడుదల కాలేరు. పైగా, పదకొండేళ్ల కిందట తీసుకున్నట్టు, నిండు సభలో, వారే ఒప్పుకున్నారు. ఆ ఛార్జ్ ఏమైనట్టు?"

"ఏమైపోతాదండీ? ఊరికి నీళ్లిచ్చాను" అన్నారు సన్యాసిరావు గారు. ఆయన చుట్టూ చూశారు. అంతసేపూ తన నిజాయితీని పొగిడినవాళ్లందరూ లడ్డూల పళ్లెం వైపు చూస్తున్నారు.

"ఈ అంశం పరిశీలనలో ఉంచడమైనది" అన్నారు కమిషనర్ గారు, ఎవరి కళ్లలోకీ చూడకుండా.

మర్నాడు పైడమ్మ గారు చెల్లెళ్లతో రైలెక్కేశారు. "మీరు ఆ ఛార్జేదో వాళ్ల మొహాన కొట్టి వెనకాల రండి. జగన్నాథుడు ఎక్కడికీ పోడు గానీ టిక్కెట్టు పోతాది" అన్నారు కిటికీలోంచి.

సరిగ్గా ఆ రోజే గుట్ట మీది పెద్ద ట్యాంకు వాల్వు విరిగింది. ట్యాంకు నిండా నీళ్లున్నాయి, ఊళ్లోకి చుక్క దిగడం లేదు. కొత్త వాల్వు స్టోరులో ఉంది. అది బయటికి రావాలంటే సూపరింటెండెంటు సంతకం కావాలి. సన్యాసిరావు గారి సంతకం ముందురోజు సాయంత్రంతో చెల్లకుండా పోయింది. కస్తూరి సంతకం ఇంకా మొదలు కాలేదు. స్టోరుకీపరు దాలినాయుడు చెడ్డవాడు కాదు. "నానేటి సెయ్యను బాబూ, ఇద్దరూ ఉన్నారు, ఒక్కరూ నేరు" అని వాపోయాడు.

ఊళ్లో బిందెలు బోర్లించారు. కస్తూరి కమిషనర్ గారి గదికి రోజూ వెళ్లింది. "నాకు జీతం తర్వాత ఇద్దురు గాని సార్, ముందు వాల్వు ఇవ్వండి" అని అడిగింది. కమిషనర్ గారు ప్రతిసారీ, "తగు స్థాయిలో తగు నిర్ణయం తగు సమయంలో వస్తుంది" అనేవారు. నాలుగోసారి ఆవిడ, "తాగు నీళ్లు ఎప్పుడొస్తాయి సార్?" అని అడిగింది.

చివరికి భార్గవే ఒక మార్గం కనిపెట్టాడు. సన్యాసిరావు గారు తన సెల్‌ఫోన్‌ని నిండా ఛార్జ్ చేసుకుని రావాలి. సాక్షుల ముందు దాన్ని కస్తూరికి అందించాలి. వంద శాతం ఛార్జ్ అప్పగించినట్టు రాసుకోవచ్చు.

సన్యాసిరావు గారికి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే ఫోన్ నిండా ఛార్జ్ చేసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని బయల్దేరారు. గుమ్మం దాటగానే అది మోగింది.

"సన్యాసిరావు గారాండీ? నీళ్లు రాలేదు."

పదకొండేళ్ల అలవాటు. పెట్టేయలేకపోయారు. ఓపిగ్గా సంగతి చెప్పారు. వీధి మలుపులో మళ్లీ మోగింది. మార్కెట్టు దగ్గర ఆగకుండా మోగింది. నీళ్లు లేని ఊరు ఊరంతా ఆయనకే ఫోన్ చేస్తోంది. ఆఫీసుకి చేరేసరికి భార్గవ్ ఫోన్ అందుకుని తెర మీద చూసి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎనభై ఏడు."

"దార్లో ఫోన్లొచ్చాయండి" అన్నారు సన్యాసిరావు గారు.

"అంటే, పదమూడు శాతం ఛార్జ్, స్వంతానికి వాడుకున్నారు."

"స్వంతానికి కాదండీ! నీళ్ల గురించి!"

"నీళ్ల గురించి మాట్లాడటానికి, రిటైరయ్యాక, మీరెవరు?"

సన్యాసిరావు గారు ఫోన్ తీసుకుని ఇంటికెళ్లిపోయారు. మరుసటి రోజు ఫోన్ ఆపేసి తెచ్చారు. ఆపేసిన ఫోన్ అంకె చూపించదు కాబట్టి పనికిరాదన్నారు. అక్కడే ఆన్ చేశారు. ఆన్ చేసీ చేయగానే మోగింది. భార్గవ్ కళ్లెదుటే వంద కాస్తా తొంభై తొమ్మిదైంది. మూడో రోజు ఇంటి దగ్గర ఛార్జర్ పెట్టి ఆఫీసర్లనే అక్కడికి పిలిస్తే, ఆయన ఇల్లు మునిసిపాలిటీ హద్దు అవతల ఉందనీ, అక్కడ ఛార్జ్ అనే మాటకి ఇంకా పాత అర్థాలే చెల్లుతున్నాయనీ తేలింది.

ఆ సాయంత్రం ఇడ్లీ కొట్టు గౌరమ్మ ముందు నడవగా వంద మంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. పప్పు నానబెట్టడానికి నీళ్లు లేక ఆవిడ కొట్టు మూసేసి అప్పటికి వారమైంది. కమిషనర్ గారు మెట్ల మీదికొచ్చి, "మీ విజ్ఞాపన స్వీకరించడమైనది" అన్నారు.

"విజ్ఞాపనేటి బాబూ, మాకేటి తెలీదు. నీళ్లకి ఎవులు జవాబు సెప్తారో ఆ మనిసిని సూపించండి" అంది గౌరమ్మ.

ఎవరూ ముందుకి రాలేదు. సన్యాసిరావు గారు ఓ పక్కన బెంచీ మీద కూర్చుని చేతులు నలుపుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఆయన ఆ ఊరి ఆడవాళ్ల ముందు తలదించుకోవడం అదే మొదలు. కస్తూరి వచ్చి పక్కన కూర్చుంది.

"సన్యాసిరావు గారూ, ఒక్కమాట. మీ దగ్గర ఛార్జ్ ఉందా?"

"నేదమ్మా. టెస్టరు పెట్టి మరీ చెప్పారు కదా."

"నా దగ్గరా లేదు. మరి ఏ ఛార్జూ లేని మనుషులు వెళ్లి వాల్వు బిగిస్తే, రూలు ఎవరు తప్పినట్టు?"

సన్యాసిరావు గారు ఆవిడ మొహంలోకి చూశారు. తర్వాత లేచి పంచె ఎగ్గట్టారు.

దాలినాయుడు వాళ్లిద్దరూ వస్తుండటం చూసి, తాళంచెవి బల్ల మీద పెట్టి, టీ తాగడానికని వెళ్లిపోయాడు. గౌరమ్మతో వచ్చినవాళ్లే వాల్వుని తలో చెయ్యీ వేసి గుట్ట మీదికి మోశారు. కస్తూరి తన సంచీలోంచి పెద్ద పానా తీసింది. ఏ బోల్టు ఏ వైపు మొరాయిస్తుందో సన్యాసిరావు గారు చెబుతూ వచ్చారు. చీకటి పడకముందే కింద ఊళ్లో కుళాయిలు గుర్రుమని, దగ్గి, నీళ్లు వదిలాయి. గుట్ట మీదికి కేకలు వినిపించాయి. సన్యాసిరావు గారు గట్టు మీద కూర్చుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. చెమటేనని చెప్పారు.

మర్నాడు కమిషనర్ గారి గదిలో అత్యవసర సమావేశం. ఊళ్లో ప్రవహిస్తున్నది అనధికార జలమని భార్గవ్ ప్రకటించాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు మహంకాళిని పిలిచి, ఇద్దరి మీదా కేసు పెట్టమన్నారు.

మహంకాళి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "పెట్టమంటే పెడతానండి. తర్వాత కోర్టులో ఛార్జ్‌షీట్ వెయ్యాలి. ఛార్జ్‌షీటంటే ఇప్పుడు ఏటో రాసివ్వండి, అలాగే వేస్తాను."

భార్గవ్ కళ్లు మూసుకుని లెక్కవేశాడు. "ఛార్జ్ అనగా నింపబడిన విద్యుత్తు. కావున ఛార్జ్‌షీట్ అనగా, విద్యుత్తు నింపిన, దుప్పటి."

"దుప్పటి నేను తెస్తానండి. ప్లగ్గులో ఎవరు పెడతారు?" అని మహంకాళి మర్యాదగానే అడిగాడు.

పోనీ శాఖాపరంగా ఛార్జ్ మెమో ఇద్దామంటే, స్టాకులో బ్యాటరీలు అయిపోయాయి. ఆ ఊళ్లో ఇక ఎవరు ఏం చేసినా ఎవరి మీదా ఏ అభియోగమూ మోపే వీలు లేదని అందరికీ ఒకేసారి అర్థమైంది. డిపో మేనేజరు మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

సంగతంతా రాజధానికి రాశారు. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "ఛార్జ్ ఎవరి వద్దా లేకున్నను నీటి సరఫరా సక్రమముగా జరుగుచున్నందున, ఇందుకు ఒక అధికారి అనవసరమని ప్రభుత్వము భావించుచున్నది. బొడ్డపాటి సన్యాసిరావుని విడుదల చేయడమైనది. వచ్చే నెల మొదటి తేదీ నుంచి నీటి సరఫరా సూపరింటెండెంటు పోస్టు రద్దు చేయడమైనది."

తన విడుదల మాట చదివి సన్యాసిరావు గారు పొంగిపోలేదు. ఆ తర్వాతి వాక్యం చదివి కస్తూరి వైపు చూశారు. ఆవిడ పానాలు తుడిచి సంచీలో సర్దుకుంటోంది.

"పాలకొండలో నా స్థానంలో వేరేవాళ్లొచ్చేశార్సార్. చూద్దాం" అంది.

పూరీ నుంచి పైడమ్మ గారు ఫోన్ చేశారు. "విడుదలైపోయారంట కదా, ఎప్పుడొస్తున్నారు?"

"రెండ్రోజులాగు. చిన్న పని ఉన్నాది" అన్నారాయన.

ఆయనకి తెలిసిన విషయం ఒకటుంది. ఛార్జ్ పని పూర్తి చేసినందుకు మెచ్చి, ప్రాధికార సంస్థ వాళ్లు భార్గవ్‌కి ఇంకో మాట ఇచ్చారు. ఆ మాట "పోస్ట్". భార్గవ్ దాని మీద పని మొదలుపెట్టే రోజున, ఆఫీసు తెరవకముందే సన్యాసిరావు గారు గేటు దగ్గరికి చేరారు. లచ్చన్నని టీకి పంపించారు. తపాలా బట్వాడా చేసే కూర్మారావుని గేటులో నిలబెట్టి, సంచీ భుజాన సరిగ్గా వేయించి, ఏం అడిగినా ఉన్నదే చెప్పమన్నారు.

జీపు ఆగింది. భార్గవ్ దిగి, గేటులో అడుగుపెట్టి, మొదట కనిపించిన మనిషిని అడిగాడు. "ఏమయ్యా, పోస్ట్ అంటే ఏమిటి?"

కూర్మారావు తెల్లబోయాడు. "ఏటి బాబూ, సదువుకున్నోరు! ఉత్తరాలు!" అని సంచీ తెరిచి చూపించాడు.

భార్గవ్ ఎంతో సంతోషించి అక్కడికక్కడే రాసుకున్నాడు. మొదటి తేదీ నుంచి పోస్ట్ అనగా ఉత్తరములు, తపాలా. ఇతర అర్థములు రద్దు.

కమిషనర్ గారు రెండు ఉత్తర్వుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. సూపరింటెండెంటు పోస్టు మొదటి తేదీ నుంచి రద్దు. పోస్టంటే మొదటి తేదీ నుంచి ఉత్తరాలు. కిటికీలోంచి బయటికి చూశారు. గౌరమ్మ, ఆవిడ వెనక బిందెలు. ఇన్నాళ్లలో మొట్టమొదటిసారిగా ఆయన ఎవర్నీ సలహా అడగకుండా కలం తీసి రాశారు. "ప్రభుత్వ ఉత్తర్వును తు.చ. తప్పక అమలు చేయవలెను. సూపరింటెండెంటు శ్రీమతి కస్తూరికి ఇకమీదట ఎటువంటి ఉత్తరములు, మెమోలు, సర్క్యులర్లు పంపరాదు."

సన్యాసిరావు గారు పూరీ వెళ్లి, సముద్రంలో మునిగి, ప్రసాదం తెచ్చారు. ఆ పొట్లం కస్తూరికి ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్తే, ఆవిడ బల్ల మీద కాగితం ముక్క లేదు. గోడకి ఊరి పైపుల పటం ఉంది. ఆవిడ అప్పుడే ఎక్కడో లీకు బాగుచేయించి వచ్చి చేతులు కడుక్కుంటోంది. వివరణ అడిగేవారు లేరు, నివేదిక పంపమనేవారు లేరు. ఊళ్లో రెండు పూటలా నీళ్లొస్తున్నాయి.

ఆ గదిలో ఒక మూల కుర్చీలో కమిషనర్ విజయరామరాజు గారు చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. పక్కగదిలో లచ్చన్న ఆయన కోసం వచ్చిన తపాలా కట్టలు దొంతర పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

సన్యాసిరావు గారిని చూసి కమిషనర్ గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"సన్యాసిరావు గారూ, మీరు పెద్దవారు. నా పోస్టు కూడా రద్దు చేయించే మార్గం ఏమైనా ఉందా అండీ?"